మిర్యాలగూడలో ఎనిమిది మందికి నాలుగు నెలల వసతి: హోటలా, ఫర్నిష్డ్ ఫ్లాటా?

తమ్మీ, నీ ప్రశ్న నాకు ఇట్ల అర్థమైంది: దామరచర్ల కాడ యాదాద్రి థర్మల్ ప్లాంట్ పని మీద మీ కంపెనీ ఎనిమిది మంది ఇంజినీర్లని నాలుగు నెలలకి పంపిస్తున్నది, వాళ్లు మిర్యాలగూడలో ఉండాలె, మీ మేనేజర్ సారేమో హైదరాబాద్‌ల కూసొని "ఫర్నిష్డ్ సర్వీస్ అపార్ట్‌మెంట్ చూడు, నెలకింతని మాట్లాడు" అన్నడు, నువ్వు వారం సంది వెతుకుతుంటే హోటళ్లు, లాడ్జిలు తప్ప ఏం కనవడ్తలేవు, పైగా బ్యాచిలర్లు అనంగనే ఓనర్లు ఫోన్ పెట్టేస్తున్నరు. ఆ ఎనిమిది మందిల ఒకాయన ఫారినర్. అంతేగా.

గచ్చిబౌలిల, కొండాపూర్ల అయితే సూట్‌కేస్ పట్టుకొని పోతే చాలు, అన్నీ ఉంటయి. మన దిక్కు అది రెడీమేడ్ సరుకు కాదు, కొలత ఇచ్చి కుట్టించుకునేది. ఖాళీ ఇల్లు కిరాయికి తీస్కొని, మంచాలేసి, ఏసీలు పెట్టి, వంటమనిషిని కుదుర్చుకొని మనమే గెస్ట్ హౌస్ చేస్కోవాలె. నేను పద్నాలుగేండ్ల సంది ఇదే పని చేస్తున్న, జడ్చర్ల కాడ పోలేపల్లి సెజ్‌ల ఫార్మా కంపెనీల ఎరెక్షన్ (మిషన్లు నిలబెట్టి బిగించే) పనులకి, హుజూర్‌నగర్ దిక్కు సిమెంట్ ఫ్యాక్టరీల షట్‌డౌన్లకి (ఫ్యాక్టరీ ఆపి రిపేర్లు చేసే రోజులకి), ఈ మధ్య దామరచర్లకి. దాదాపు ముప్పై ఇండ్లు తీస్కొని, నడిపి, ఖాళీ చేసిన. అందరూ ఇల్లు దొరికినంక వంటమనిషిని వెతుకుతరు, నువ్వు ఉల్టా చెయ్యి, ముందు మనిషిని చూడు. ఎందుకో కింద చెప్తా.

ముందు హోటలా ఫ్లాటా అనేది లెక్కతోనే తేల్చుకో. ఇవి నీకు అర్థం కావాలని వేస్తున్న అంకెలే, అక్కడ నీకొచ్చిన రేట్లు పెట్టుకొని మళ్ల వేస్కో. రూముకి ఇద్దరు చొప్పున నాలుగు రూములు, రోజుకి 1,800 అనుకో, నెలకి 2,16,000. రోజుకి 7,500 లోపు రూములకి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 5 శాతమే, అది 10,800, మొత్తం 2,26,800. నాలుగు నెలలకి తొమ్మిది లక్షలు దాటుతది, తిండి వేరే. అదే రెండు త్రీ బీహెచ్‌కే ఫ్లాట్లు తలా 20,000 అనుకో, కిరాయి 40,000, దాని మీద జీఎస్టీ 7,200 (ఇదేందో తర్వాత చెప్తా), సామాన్ల కిరాయి 25,000, వంటామెకి, ఇల్లు చూస్కునే పిల్లగాడికి కలిపి 25,000, కరెంట్ 15,000, నెట్టు, నీళ్లు, గ్యాస్ 6,000, మొత్తం 1,18,200. దీనికి తోడు ఏజెంట్ కమీషన్ ఒక నెల, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల, రెండిండ్లకి కలిపి 80,000 ఒక్కసారి పెట్టే ఖర్చు. నాలుగు నెలలకి ఐదున్నర లక్షలు. అంటే మూడున్నర లక్షలు మిగిలె. కానీ అదే పని ఒక్క నెలదే అయితే ఫ్లాట్‌కి 1,98,200, హోటల్‌కి 2,26,800, ఆ ఇరవై ఎనిమిది వేల తేడా సామాన్ల లారీకి, నీ తిరుగుడుకే పోతది. అందుకే నా పద్ధతి ఏందంటే నెలన్నర లోపు పనైతే హోటల్, రెండు నెలలు దాటితే ఇల్లు, నడుమల ఉంటే మనుషులెట్లాంటోళ్లో చూసి.

అయితే మొదటి వారం మాత్రం హోటల్‌లనే పెట్టు, పైసలు ఎక్కువైనా సరే. నేనొకసారి జడ్చర్లల అతి తెలివికి పోయి మనుషులు రాకముందే ఇల్లు తీస్కొని, మంచాలు, ఏసీలు అన్నీ పెట్టిచ్చి కూసున్న. సైట్‌ల ఫౌండేషన్ లేట్ అయ్యి మనుషులు రెండు నెలలకి వచ్చిన్రు. రెండు నెలల కిరాయి ఖాళీ ఇంటికి కట్టినం, పైగా ఆ ఖాళీగున్న టైంల కోతులు వచ్చి ట్యాంక్ మూత ఎత్తి పడేసి, డిష్ కేబుల్ తెంపి, బాల్కనీల ఆరేసిన పరుపు కవర్లు చింపి పెట్టినయి. ప్రాజెక్ట్ డేట్ అంటే ముహూర్తం కాదు తమ్మీ, జరుగుతనే ఉంటది. మనుషులు గేట్ పాస్ తీస్కొని లోపలికి పోయిన్రని తెలిసినంకనే అగ్రిమెంట్ మీద సంతకం పెట్టు.

ఇప్పుడు ఏరియా. ప్లాంట్ ఉన్నది వీర్లపాలెం ఊరి దగ్గర, దామరచర్ల మండలం, 800 మెగావాట్లవి ఐదు యూనిట్లు, మొత్తం 4,000 మెగావాట్లు. మిర్యాలగూడ నుంచి నార్కట్‌పల్లి అద్దంకి రోడ్డు పట్టుకొని పోవాలె. మ్యాప్‌ల టైం చూసి మురిసిపోకు. మిర్యాలగూడ అంటే రైస్ మిల్లుల ఊరు, సాగర్ ఎడమ కాల్వ కింద వడ్లన్నీ ఇక్కడికే వస్తయి, కోతల టైంల, అంటే అక్టోబర్ చివరి నుంచి డిసెంబర్ దాకా, మళ్ల ఏప్రిల్, మేల, వడ్ల ట్రాక్టర్లు మిల్లుల ముందర లైన్ కట్టి ఉంటయి. అప్పుడు నీ బండి ఊరు దాటడానికే ఎంత టైం పడ్తదో చెప్పలేం. అందుకే ప్లాంట్‌కి పోయే దిక్కున ఊరి చివర ఇల్లు చూడు, ట్రాఫిక్‌ల పడకుండ బయటపడాలె. అట్లని మిల్లు పక్కన మాత్రం తీస్కోకు. ఊక బూడిద గాలికి వచ్చి కిటికీల మీద, ఆరేసిన బట్టల మీద పడ్తది, ఏసీ ఫిల్టర్లు పదిహేను రోజులకోసారి కడగాలె. నైట్ షిఫ్ట్ చేసి పొద్దుగాల వచ్చి పండుకునేటోళ్లకి మిల్లు మోత వేరే. ఇల్లు చూడనీకి ఒకసారి పగలు, ఒకసారి రాత్రి తొమ్మిదింటికి పో. పక్కన ఫంక్షన్ హాల్ ఉన్నదా అనేది రాత్రి పోతేనే తెలుస్తది, లగ్గాల సీజన్‌ల డీజే అంటే నీకు తెలుసు.

నీళ్ల సంగతి జర శ్రద్ధగా చదువు, బయట రాష్ట్రాల నుంచి వచ్చేటోళ్లకి ఇది తెల్వదు. నల్గొండ పేరు ఫ్లోరైడ్ గురించి దేశమంత తెలుసు, ఫ్లోరైడ్ తీసే పద్ధతికే "నల్గొండ టెక్నిక్" అని పేరు పెట్టిన్రు, పటిక, సున్నం కలిపి తీస్తరు. మర్రిగూడ, మునుగోడు దిక్కున్నంత ఇక్కడ ఉండకపోవచ్చు, మిషన్ భగీరథ నల్లా నీళ్లు కూడ ఉన్నయి, కానీ ఇంట్ల నల్లా ఏది, బోరు ఏది, రెండూ ఒకే ట్యాంక్‌ల కలుస్తున్నయా అనేది ఓనర్‌ని అడుగు. కలుస్తుంటే అది తాగే నీళ్లు కాదు. ఒకాయన బీహార్ నుంచి వచ్చినాయన నేను కాగబెట్టుకొని తాగుతున్న భాయ్ అన్నడు, కాగబెడితే పురుగు చస్తది గాని ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై అది ఇంక చిక్కబడ్తది. లీటర్‌కి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలె, వేరే నీళ్లు దొరకకుంటే 1.5 దాకా. ఆర్‌ఓ పెట్టు, లేకుంటే 20 లీటర్ల క్యాన్లు రోజూ వేయించు. వంటకు కూడ ఆ నీళ్లే, చాలామంది తాగడానికి క్యాన్, పప్పుకి బోరు నీళ్లు పోస్తరు. బోరు నీళ్ల ఉప్పుకి గీజర్ లోపల పెచ్చు కడ్తది, ఖాళీ చేసేటప్పుడు గీజర్ మీరే ఖరాబ్ చేసిన్రని ఓనర్ లొల్లి పెడ్తడు, గీజర్ రిపేర్ ఎవరిదో ముందే రాస్కో.

కరెంట్ కూడ అట్లనే. నెలకి 200 యూనిట్లు దాటంగనే స్లాబ్ మొత్తం మారుతది, ఇప్పుడున్న రేట్ల ప్రకారం దాటినోళ్లకి మొదటి 200 కే యూనిట్‌కి 5.10, ఆ తర్వాత వందకి 7.70, ఆపైన వందకి 9, 401 నుంచి 800 దాకా 9.50, అది దాటితే 10. ఎండాకాలం మూడు ఏసీలు రాత్రంత నడిస్తే 900 యూనిట్లు ఈజీగా కాలుతయి, అప్పుడు ఎనర్జీ చార్జీలే ఏడున్నర వేలు. షిఫ్టులు ఉంటే పగలు కూడ నడుస్తయి, ఎవరూ స్విచ్ బంద్ చెయ్యరు, కంపెనీ బిల్లు గదా. ఇంకొకటి, ఓనర్ పై అంతస్తుల ఉంటే మీటర్లు వేరువేరుగా ఉన్నయా చూడు. ఒకే మీటర్ ఉండి "సగం సగం కట్టుకుందం" అంటే ఆ ఇల్లు వదిలెయ్యి.

ఓనర్లు బ్యాచిలర్లకి ఇయ్యం అంటున్నరంటే తప్పు వాళ్లది కాదు. ప్రాజెక్ట్ ఊర్లల్ల సబ్ కాంట్రాక్టర్లు మూడు నెలల కిరాయి ఎగ్గొట్టి రాత్రికి రాత్రి తాళం వేసి పోయిన కథలు ప్రతి వాడకొకటి ఉంటది. నువ్వు ఫోన్‌ల "ఎనిమిది మంది బాయ్స్" అనకు, కంపెనీ లెటర్‌హెడ్ తీస్కొని, షర్ట్ టక్ చేస్కొని, స్వయంగ పోయి కూసొని మాట్లాడు. "అమ్మా, కిరాయి ప్రతి నెల 5వ తారీఖు లోపు కంపెనీ అకౌంట్ నుంచి మీ అకౌంట్‌ల పడ్తది, మిద్దె మీద తాగుడు ఉండదు, ఏమన్న అయితే నాకు ఫోన్ చెయ్యిండ్రి, గంటల ఉంటా" అను. ఎక్కువ శాతం ఇంట్ల నిర్ణయం చేసేది ఓనరమ్మే, సార్ ఊకె తల ఊపుతడు. వెజ్జా నాన్‌వెజ్జా అని అడుగుతరు, అబద్ధం చెప్పకు, ఆదివారం చికెన్ వాసన దాచిపెట్టలేవు.

కాయితాల కాడ చానామంది బోర్లపడేది ఒకటున్నది. ఇల్లు చూపించే పెద్దాయన వేరే, ఇల్లు ఎవరి పేరు మీదున్నదో వేరే. ఇంటి పన్ను రసీదు, కరెంట్ బిల్లు అడిగి చూడు. ఇక్కడ మస్తు ఇండ్లు అమెరికాల ఉన్న కొడుకు పేరు మీదనో బిడ్డ పేరు మీదనో ఉంటయి, కిరాయి తండ్రి తీస్కుంటడు. ఓనర్ ఎన్‌ఆర్‌ఐ అయితే కిరాయి ఎంత చిన్నదైనా కట్టేటోళ్లు టీడీఎస్ (కిరాయిల నుంచి ముందే కోసి సర్కార్‌కి కట్టే ఇన్‌కమ్ ట్యాక్స్) పట్టాలె, సెస్‌తో కలిపి 31.2 శాతం. నేను దీని మీద ఒకసారి ఆడిటర్‌తోని తిట్లు తిన్న, మా సైట్ ఆఫీస్ ఆర్నెల్లు ఏం పట్టకుండ కట్టుకుంట పోయింది, తర్వాత ఆ పైసలు కంపెనీయే కట్టింది, పెద్దాయన్ని అడిగే మొఖం ఎవరికీ లేదు. ఓనర్ ఇక్కడోడే అయితే 2025 ఏప్రిల్ నుంచి నెల కిరాయి 50,000 దాటితేనే మీ కంపెనీ 10 శాతం టీడీఎస్ పట్టాలె. 20,000 ఫ్లాట్‌కి ఆ బాధ లేదు, కానీ ఒకే ఓనర్‌వి మూడు ఫ్లాట్లు తీస్కుంటే 60,000 అయితది, అప్పుడు పట్టాలె, ఫ్లాట్‌కో అగ్రిమెంట్ చేస్కున్నంత మాత్రాన తప్పదు.

జీఎస్టీ సంగతి. ఉండే ఇల్లు మామూలు మనిషి కిరాయికి తీస్కుంటే జీఎస్టీ లేదు, కానీ 2022 జూలై 18 నుంచి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న కంపెనీ తీస్కుంటే 18 శాతం, అది కూడ ఓనర్ కాదు, కంపెనీయే రివర్స్ చార్జ్ కింద కట్టాలె. ఓనర్‌కి జీఎస్టీ నంబర్ లేకున్నా సరే. క్రెడిట్ లెడ్జర్‌ల (కొన్న వాటి మీద కట్టిన జీఎస్టీ జమ) నుంచి కాదు, నగదుగనే కట్టాలె, సెల్ఫ్ ఇన్వాయిస్, అంటే మన బిల్లు మనమే, రాస్కోవాలె. ఈ ముక్క మీ అకౌంట్స్ వాళ్లకి ముందే చెప్పు, "ఓనర్ బిల్లులో జీఎస్టీ లేదు గదా" అని వాళ్లు వదిలేస్తరు. ఇంకో దారి ఉన్నది, హాస్టల్ లెక్కన మనిషికింత అని ఇచ్చేటోళ్లు ఉంటే, మనిషికి నెలకి 20,000 లోపు ఉండి, కనీసం 90 రోజులు ఆగకుండ ఉంటే 2024 జూలై నుంచి దానికి జీఎస్టీ మినహాయింపు. మీది నాలుగు నెలలు గనక పనికొస్తది, కానీ మనుషులు నడుమల మారితే 90 రోజుల లెక్క ఆడిటర్‌తో కూసొని తేల్చుకో.

అగ్రిమెంట్ 11 నెలలకే రాస్కుంటరు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి గనక. కాలం ఏదైనా రాస్కో, నీకు కావల్సినవి మూడే: మొదటి రెండు నెలలు దాటినంక నెల రోజుల నోటీసుతో ఖాళీ చెయ్యొచ్చు అని, పని సాగితే అదే కిరాయికి నెల నెల పొడిగించుకోవచ్చు అని, ఉండే మనుషులు మారొచ్చు, కంపెనీ లిస్ట్ ఇస్తది అని. మూడోది లేకుంటే అక్టోబర్‌ల ఒకాయన పోయి ఇంకొకాయన వస్తే ఓనర్ "ఈ పిల్లగాడెవడు" అని గేట్ కాడ ఆపుతడు. అడ్వాన్స్ మనం ఖాళీ చేసి తాళాలిచ్చిన వారంల వాపస్ అని రాయించు. పెయింటింగ్‌కి "నెల కిరాయి" అని ఫిక్స్ చేస్కో, "అయినంత" అని రాసిన్రంటే గోడకి మేకు కొట్టిన ప్రతి చోట నీకు బిల్లు పడ్తది. చేరిన రోజు ఫోన్ పట్టుకొని ఓనర్‌ని పక్కన పెట్టుకొనే వీడియో తియ్యి, ప్రతి నల్లా తిప్పు, ప్రతి స్విచ్ వెయ్యి, మీటర్ రీడింగ్ ఫోటో తియ్యి, అదే రోజు ఆయన వాట్సాప్‌కి పంపు. అందరి ఆధార్ కాపీలు పోలీస్ స్టేషన్‌ల ఒక లెటర్‌తో ఇచ్చి ముద్ర వేయించుకో, రేపు ఏమన్న అయితే ఆ కాయితం నిన్ను, ఓనర్‌ని ఇద్దర్ని కాపాడ్తది. ఆ ఫారినర్ ఫ్లాట్‌ల దిగిన 24 గంటల్లోపు ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (ఫారినర్ల రిజిస్ట్రేషన్ ఆఫీస్) పోర్టల్‌ల ఆయన వివరాలు ఎక్కించాలె. హోటలైతే వాళ్లే చేస్తరు, ఇంట్ల పెడితే అది ఇల్లు ఇచ్చినోళ్ల బాధ్యత, ఓనరమ్మకి పోర్టల్ ఏం తెలుస్తది, నువ్వే పక్కన కూసొని చేపియ్యాలె. నన్నడిగితే ఆ ఒక్కాయన్ని నాలుగు నెలలు హోటల్‌ల పెట్టెయ్యి, ఆయనకీ నీకూ సుఖం.

ఇగ అసలు ముచ్చట, వంటమనిషి. సిమెంట్ ఫ్యాక్టరీ షట్‌డౌన్ ఒకదానికి ఫస్ట్ క్లాస్ ఇల్లు తీస్కున్న, మార్బుల్ ఫ్లోరు, రెండు బాల్కనీలు, మా వైస్ ప్రెసిడెంట్ వచ్చి చూసి శభాష్ అన్నడు. వంటామె సద్దుల బతుకమ్మకి రెండు రోజులు అని పోయి పది రోజులు రాలె. ఆమె తప్పు కాదు, పండుగకి ఆడబిడ్డ తల్లిగారింటికి పోకుంట ఉంటదా, దసరా అయినంక ఇంట్ల ఇంకేదో పని పడ్డది. తప్పు నాదే, ఆమె లేకుంటే ఎవరని ముందు అడగలె. టిఫిన్ సెంటర్లు కూడ దసరాకి బంద్. తమిళనాడు వాళ్లు ఇద్దరు, యూపీ వాళ్లు ముగ్గురు మ్యాగీ తిని షిఫ్ట్‌కి పోయిన్రు, ఆరో రోజు ఇద్దరికి కడుపు పట్టుకుంది, ఒకాయన రిజైన్ చేస్తా అని మెయిల్ పెట్టిండు. మెయిల్‌ల మార్బుల్ ఫ్లోర్ గురించి ఒక్క మాట లేదు.

అప్పటి సంది నేను ఇద్దర్ని మాట్లాడ్త. ఒకామె రోజూ చేసేది, ఇంకొకామె ఆమెకి తెలిసినామే, ఆమె రాని రోజు వచ్చేది, రోజుకింత అని. ఇద్దరూ ఒకే వాడకట్టోళ్లైతే వాళ్లే సర్దుకుంటరు. జొన్న రొట్టె బ్రహ్మాండంగ చేస్తది అని సంబరపడకు, గోధుమ చపాతీ వస్తదా అడుగు, వచ్చేటోళ్లల్ల నార్త్ వాళ్లు ఉంటే రోజుకి నలభై చపాతీలు, అది ఒక్క చెయ్యితో అయ్యే పని కాదు. మన కారం వాళ్లు తట్టుకోలేరు, పప్పు వేరే గిన్నెల కారం లేకుండ తియ్యమని చెప్పు. షిఫ్టులు ఉంటే పొద్దున ఐదున్నరకి బాక్స్ కావాలె, ఐదున్నరకి ఏ వంటామె రాదు, రాత్రే కూర చేసి ఫ్రిజ్‌ల పెట్టి, ఇంట్ల ఉండే పిల్లగాడు పొద్దుగాల అన్నం ఒక్కటి వండి కట్టేటట్టు చూస్కో. ఆ పిల్లగాడే నీకు కండ్లు, చెవులు. వాటర్ క్యాన్, మోటర్ వేసుడు, చెత్త బండికి చెత్త ఇచ్చుడు, ఎవరు ఎప్పుడు వచ్చిన్రో రాసుడు అన్నీ వాడే. వాడికి హాల్‌ల మంచం ఇయ్యి, బాల్కనీల పండుకోబెట్టకు. వాడి జీతం 1వ తారీఖే వెయ్యి, కంపెనీ పేమెంట్ లేట్ అయితే నీ జేబుల నుంచైనా సరే.

గ్యాస్‌కి ఎవరి ఇంటి సిలిండరో తెచ్చి నడపకు, 14.2 కిలోలది ఇంటికోసం ఇచ్చేది, కంపెనీ మెస్సుకి 19 కిలోల కమర్షియల్ తీస్కో. మొదటి రెండు రోజులకి 5 కిలోల చిన్న సిలిండర్ గుర్తింపు కార్డు చూపెడితే ఇస్తరు, ఇంటి అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు.

సామాన్లకి, హైదరాబాద్‌ల నెల కిరాయికి ఇచ్చే యాప్‌లల్ల మిర్యాలగూడ పిన్‌కోడ్ 508207 కొట్టి చూడు, రాకుంటే లోకల్‌ల టెంట్ హౌస్ వాళ్లని, పాత ఫర్నిచర్ షాపులని అడుగు. ఏసీలు కిరాయికే మంచిది, రిపేర్ వాళ్లే చూస్కుంటరు. మంచాలు మాత్రం ఇనుపవి కొను, విప్పి లారీల వేసి ఇంకో సైట్‌కి పంపొచ్చు. ఒకే మంచం పగలొకరు రాత్రొకరు అని మీ మేనేజర్ తెలివి చెప్తడు, ఒప్పుకోకు, మనిషికో మంచం, మనిషికో తాళం వేస్కునే బీరువా. కాల్వ నీళ్లు, పొలాలు గనక దోమలు గట్టిగనే ఉంటయి, కిటికీలకి జాలి లేని ఇల్లైతే ఓనర్‌తోనే కొట్టియ్యి, దాని బదులు ఇంకో ఐదొందలు కిరాయి ఎక్కువ అడిగినా ఇయ్యి.

నీ మనుషులు ఎప్పుడు దిగుతున్నరో ఖాయమైనంక ఇక్కడ్నే రాయి. పోయిన షట్‌డౌన్‌వి ఆరు ఇనుప మంచాలు మా గోడౌన్‌ల పడి ఉన్నయి, కావాలంటే తీస్కపో. పరుపులు మాత్రం కొత్తయి కొనుక్కో.